కొత్త లెక్కకు పాత దారి

మూడు కుండలున్నాయి, పక్కనే కుళాయి ఉంది. మొదటి కుండలో 21 చెంబుల నీళ్లు పడతాయి, రెండోదాంట్లో 127, మూడోదాంట్లో 3. సరిగ్గా 100 చెంబులు కొలిచి ఇవ్వాలి. కాసేపు బుర్ర గోక్కుంటే దారి తడుతుంది. పెద్ద కుండ నింపి, అందులోంచి మొదటి కుండతో ఒకసారి, చిన్నదాంతో రెండుసార్లు తోడేయాలి. 127లోంచి 21 పోయె, రెండు మూళ్లు ఆరు పోయె, మిగిలింది వంద.

ఇలాంటివే ఇంకో నాలుగు లెక్కలు వరసగా ఇస్తారు. అన్నీ అదే కిటుకుతో తెగిపోతాయి. తర్వాత 23, 49, 3 చెంబులు పట్టే కుండలిచ్చి 20 చెంబులు అడుగుతారు. అప్పటికే చెయ్యి తిరిగింది కాబట్టి 49లోంచి 23 తీసి, ఇంకో రెండు మూళ్లు తీసి 20 అంటారు. జవాబు తప్పేమీ కాదు. కానీ 23లోంచి 3 తీస్తే సరిపోయేదానికి పెద్ద కుండ జోలికి పోవడం ఎందుకు?

అమెరికాలో అబ్రహం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగం ఇది. కిటుకు నేర్చుకోకుండా నేరుగా ఈ లెక్క చూసినవాళ్లకు చిన్న దారి ఇట్టే కనబడింది. నేర్చుకున్నవాళ్లలో చాలామంది పొడుగు దారినే పట్టుకుపోయారు. ఆ తర్వాత వచ్చిన ఇంకో లెక్క మరీ చిత్రం. కుండలు 28, 76, 3. కావలసింది 25. ఇక్కడ పాత కిటుకు పనిచేయదు, 28లోంచి 3 తీస్తే అయిపోతుంది. అంత తేలిక లెక్క దగ్గర చాలామంది చతికిలబడ్డారు. తొందరపెడితే ఈ జాడ్యం ఇంకా ముదిరింది. మధ్యలో కొందరి చేత ‘గుడ్డిగా పోవద్దు’ అని కాగితం మీద రాయిస్తే, వాళ్లలో కొంతమంది తేరుకున్నారు.

తెలివితక్కువతనం వల్ల ఇలా జరగలేదు. నిన్న పనిచేసిన తెలివే ఇవాళ అడ్డుపడింది.

హైదరాబాద్ హైటెక్ సిటీ పుట్టుకలో ఇలాంటి కుండల లెక్క ఒకటుంది. అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి, ప్రపంచమంతా ‘వై2కే’ భయంతో ఉంది. 1960లలో కంప్యూటర్ మెమరీ బంగారంతో సమానం. అందుకని సంవత్సరాన్ని నాలుగంకెల్లో కాకుండా రెండంకెల్లో రాసుకున్నారు. అప్పటికి అది పొదుపైన, తెలివైన పద్ధతే. మెమరీ చవకయ్యాక కూడా ‘ఇన్నాళ్లూ పనిచేసింది కదా’ అని అలాగే కొనసాగించారు. 2000 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకునే ప్రమాదం వచ్చిపడింది. ఆ తప్పుల్ని వెతికి దిద్దడానికి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు వేలల్లో కావలసి వచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు కిక్కిరిశాయి. ఆ తరం తెలుగు ప్రోగ్రామర్లను హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ వెన్నంటి తిరిగిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు, అది 2007లో వచ్చింది. ఎవరో ఒక అలవాటును సకాలంలో మార్చుకోకపోవడం ఇక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించిందన్నమాట.

ఇప్పుడు అదే ఐటీ కారిడార్‌లో, గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో, ఒక టీమును ఊహించుకుందాం. నెలాఖరున సైటు నెమ్మదిస్తోందని టికెట్ వచ్చింది. సీనియర్ స్క్రీన్ వైపు ఒక్క చూపు చూసి ‘క్యాషే పెంచండి’ అంటాడు, అంటే తరచూ అడిగే డేటాను దగ్గర దాచుకునే చోటు. పోయినసారి క్యాషే పెంచితేనే దారికొచ్చింది మరి. జూనియర్‌కు లాగ్స్‌లో రాత్రి రెండింటికి నడిచే ఒక రిపోర్ట్ జాబ్ మీద అనుమానం ఉంది, కానీ అన్న చెప్పాక ఎదురేం మాట్లాడతాడు? మూడు రోజులు క్యాషే చుట్టూనే తిరుగుతారు. ఆ మూడు రోజులూ సీనియర్ మనసులో తను అన్ని కోణాల్లోనూ చూస్తున్నాననే గట్టి నమ్మకం ఉంటుంది.

ఆ నమ్మకం ఎంత బోలుదో 2008లో మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్లియోడ్, ఫెర్నాండ్ గోబే చదరంగం బల్ల మీద చూపించారు. నిపుణులైన ఆటగాళ్లకు ఒక స్థితిని ఇచ్చారు. అందులో అందరికీ తెలిసిన పొడుగు విజయమార్గం ఒకటి, అంతగా పరిచయం లేని పొట్టిమార్గం ఒకటి ఉన్నాయి. ‘ఇంతకంటే మంచి ఎత్తు కోసం వెతుకుతున్నాం’ అని ఆటగాళ్లు నిజాయతీగానే చెప్పారు. కంటిచూపును పట్టే కెమెరా మాత్రం వేరే సంగతి చెప్పింది. వాళ్ల చూపు మొదటి ఎత్తుకు సంబంధించిన గళ్ల మీదే తచ్చాడుతోంది. పాత మార్గాన్ని మూసేసేలా బల్లను కాస్త మార్చి ఇస్తే, పొట్టిమార్గం వెంటనే కనబడింది. ‘అన్నీ ఆలోచించే చెప్తున్నా’ అనే మాటను అది ఎవరిదైనా కాస్త తగ్గించి వినడం మంచిదనిపిస్తుంది.

మరి ఇలా ఇరుక్కోకుండా దారి మార్చుకోగలిగే ఆలోచన సాగేగుణం అంటే ఏమిటి? అకీరా మియాకే బృందం 2000లో చేసిన విశ్లేషణ మనసును అదుపులో నడిపే శక్తుల్లో మూడు పోగుల్ని విడదీసింది. నోటికొచ్చిన జవాబును ఆపుకోవడం ఒకటి. మనసులో పెట్టుకున్న సమాచారాన్ని ఎప్పటికప్పుడు తాజాచేసుకోవడం ఇంకొకటి. ఒక నియమం నుంచి మరో నియమానికి మళ్లగలగడం మూడోది. తెలుగువాళ్లకు ఈ మూడూ ఒకే వేదిక మీద చూడటం కొత్త కాదు, అష్టావధానం అదే. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. సహజంగా రావలసిన అక్షరం వద్దంటే అవధాని అక్కడికక్కడ ఇంకో మాటకు మళ్లాలి. ఈలోగా అప్రస్తుత ప్రసంగం వాడు పానకంలో పుడకలా ఏదో చిలిపి ప్రశ్న వేస్తాడు. దానికి చమత్కారంగా బదులిచ్చి మళ్లీ ఆపిన పాదం దగ్గరికి రావాలి. ఎన్ని గంటలు కొట్టారో లెక్క మనసులో పెట్టుకోవాలి. చివర్లో ధారణ, అంటే తునకలు తునకలుగా చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం. ల్యాబుల్లో విడివిడిగా కొలిచే పనులన్నిటినీ మన పండితులు పద్యంలో కలిపి కట్టేశారు.

అలాగని అవధానం నేర్చినవాడు డేటాబేస్ డిజైన్‌లోనూ మొనగాడవుతాడని కాదు. మెదడుకు పదును పెడతామనే మొబైల్ ఆటలకు డబ్బు కట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏడ్రియన్ ఓవెన్ బృందం 2010లో ‘నేచర్’లో ప్రచురించిన ప్రయోగంలో 11,430 మంది ఆరు వారాలపాటు పాల్గొన్నారు. అలాంటి ఆటలాడినవాళ్లు ఆడిన ఆటల్లో బాగా మెరుగయ్యారు. వాటికి దగ్గరగా ఉన్న వేరే పరీక్షల్లో కూడా ఆ మెరుగు కనబడలేదు. ల్యుమాసిటీ యాప్ తయారీదారులు ఎక్కువ చేసి చెప్పుకున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 జనవరిలో 20 లక్షల డాలర్లు కట్టించింది. సాధన చేసిందే వస్తుంది. కాబట్టి పనికొచ్చే అలవాటేదైనా రోజూ చేసే పనిలోనే దొరకాలి.

హైదరాబాద్‌లో అలాంటిది ఒకటి రోజంతా, ఎవరూ పనిగట్టుకుని చేయకుండానే జరుగుతోంది. పొద్దున ఇంట్లో తెలుగు. క్యాబ్ డ్రైవర్‌తో ‘భయ్యా, అగ్లే సిగ్నల్ పే లెఫ్ట్’. స్టాండప్ మీటింగ్‌లో ఇంగ్లిష్. చాయ్ బండి దగ్గర ఒక ఒడిశా కొలీగ్‌తో హిందీ, పక్కనే కరీంనగర్ స్నేహితుడితో మళ్లీ తెలుగు. ప్రతి మళ్లింపులోనూ ఒక భాషను నొక్కిపెట్టి ఇంకో భాషను పైకి తేవాలి. ఈ రాకపోకలు మెదడుకేమైనా చేస్తాయా అన్న ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కువగా ప్రస్తావించే అధ్యయనాల్లో ఒకటి, హైటెక్ సిటీకి కొద్దిదూరంలో ఉన్న పంజాగుట్ట నిమ్స్‌లోనే జరిగింది.

న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఇతర సహచరులు కలిసి నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాల్ని పరిశీలించారు. వాళ్లలో 391 మందికి రెండు లేదా అంతకుమించి భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. 2013లో ‘న్యూరాలజీ’ పత్రిక దీన్ని అచ్చువేసింది.

ఇది హైదరాబాద్‌లో జరగడమే దీని బలం. అంతకుముందు కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 2007లో ఇలాంటి ఫలితమే చూపింది. కానీ అక్కడ రెండు భాషలు మాట్లాడేవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. దేశం దాటి వెళ్లగలిగినవాళ్ల ఒంట్లోనో చదువులోనో ముందే ఏదో బలం ఉండి ఉండొచ్చన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ రెండో భాష రావడానికి ఊరు దాటక్కర్లేదు, పక్కింటి గోడ చాలు. చదువు సంగతి కూడా తేలింది. బడి మొహం చూడని రోగుల్లోనూ రెండు భాషలవాళ్లకు జబ్బు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. రెండుకు మించి ఎన్ని భాషలొచ్చినా అదనపు లాభం కనబడలేదు. అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మంది మీద మరో అధ్యయనం ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం.

ఇక్కడ కొంచెం తగ్గాలి. ముసలితనంలో జబ్బు వాయిదా పడటం వేరు, ముప్పై ఏళ్ల ఇంజినీర్ ఇవాళ చురుగ్గా ఆలోచించడం వేరు. ఆ రెండోదాని మీద శాస్త్రవేత్తలకు గట్టి తగువే ఉంది. 2020లో ఎమిలీ నికల్స్, ఓవెన్‌ల బృందం 11 వేలమందికి పైగా పరీక్షిస్తే, రెండు భాషలవాళ్లకు ఆలోచన పరీక్షల్లో ప్రత్యేక లాభమేదీ తేలలేదు. తెలుగూ హిందీ ఇంగ్లిషూ కలిపి మాట్లాడుతున్నాం కాబట్టి మనకు మొండితనం రాదనుకుంటే, పైన చెప్పిన క్యాషే టీము కూడా మూడు భాషల్లో మాట్లాడుకుంటూనే తప్పుదారి పట్టిందని గుర్తు చేసుకోవాలి.

ఈ వీధుల్లో ఇంతకంటే నికరమైన అలవాటు సాఫ్ట్‌వేర్ టెస్టర్లది.

పీటర్ వేసన్ లండన్‌లో చేసి 1960లో ప్రచురించిన ఆట ఒకటుంది. 2, 4, 6 అనే వరస ఒక నియమానికి లోబడి ఉంది, ఆ నియమం కనిపెట్టాలి. మీకు నచ్చిన మూడేసి అంకెలు చెబితే, నియమానికి సరిపోయిందో లేదో చెబుతారు. చాలామంది 8, 10, 12 అంటారు. సరే. 20, 22, 24 అంటారు. అదీ సరే. ‘రెండేసి పెరిగే సరి సంఖ్యలు’ అని ధీమాగా చెప్పేస్తారు. తప్పు! అసలు నియమం ‘పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా’. 29 మందిలో మొదటి జవాబుతోనే గెలిచినవాళ్లు ఆరుగురే. 6, 4, 2 అనో 1, 2, 50 అనో అడిగి తమ ఊహను తామే పడగొట్టాలని చూసినవాళ్లకు ఇది అందుతుంది. డెవలపర్ రాసింది పనిచేస్తుందని చూపాలనుకుంటాడు. టెస్టర్ నెగటివ్ టెస్ట్ కేస్ రాసి, పుట్టినతేదీ గడిలో ఫిబ్రవరి 30 కొట్టి, పేరు గడిని ఖాళీగా వదిలి, అది ఎక్కడ కూలుతుందో చూస్తాడు. తన అభిప్రాయానికి తానే రోజుకొక నెగటివ్ టెస్ట్ కేస్ రాసుకునే మనిషి సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, ఇల్లు కొనేటప్పుడూ కాస్త తక్కువ మోసపోతాడు. టెస్టింగ్‌ను కోడింగ్ కంటే ఓ మెట్టు కింద లెక్కగట్టే మన అలవాటు ఎంత వింతదో ఇక్కడ తెలుస్తుంది.

తీసేయడం అనేది ఇంకొకటి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ ఆడమ్స్, లైడీ క్లోట్జ్ తదితరులు 2021లో ‘నేచర్’లో చూపినదాని ప్రకారం, దేన్నైనా బాగుచేయమంటే మనుషులకు ముందు తట్టేది ఏం కలపాలనే. ఒక లెగో బొమ్మ కప్పును గట్టిపరచమని, కలిపే ప్రతి ముక్కకూ ఖర్చని చెప్పారు. ఒక్క ముక్క తీసేస్తే పనైపోతుంది. అలా తీసినవాళ్లు 41 శాతమే. ‘ముక్కలు తీయడం ఉచితం’ అని ఒక్క మాట చేర్చి చెబితే ఆ సంఖ్య 61 శాతానికి పెరిగింది. ఆ మాట చెప్పకముందు కూడా తీయడానికి ఖర్చేమీ లేదు, తట్టలేదు అంతే. ప్రతి సమస్యకూ ఒక కొత్త మీటింగ్, ఒక కొత్త డాష్‌బోర్డ్, ఒక కొత్త వాట్సాప్ గ్రూపు పుట్టే ఆఫీసుల్లో ఈ ఫలితాన్ని గోడకు అంటించవచ్చు.

బయటికి చెప్పుకోవడంలోనూ మేలుంది. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంతో రబ్బరు బాతు పద్ధతి ప్రోగ్రామర్ల లోకమంతా పాకింది. బల్ల మీద బాతుబొమ్మను పెట్టుకుని, కోడ్ ఒక్కో లైనూ దానికి వివరించాలి. సగంలోనే తప్పు బయటపడుతుంది. అదేదో తమాషా అనుకోనక్కర్లేదు. విద్యార్థుల్లో ఒక్కో మెట్టునూ తమకు తామే వివరించుకునేవాళ్లు ఎక్కువ నేర్చుకుంటారని మిషెలిన్ చీ 1989లోనే చూపారు. బాతు దొరకకపోతే ఇంట్లో అమ్మమ్మ ఉన్నా చాలు, ఆవిడ అడ్డు ప్రశ్నలు కూడా వేస్తుంది.

శరీరం వైపు నుంచి రెండు సంగతులు. స్టాన్‌ఫర్డ్‌లో మెరిలీ ఒపెజో, డేనియల్ స్క్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయి. చెట్లూ గాలీ కూడా అక్కర్లేదు, ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా వచ్చాయి. ఒకే జవాబున్న ప్రశ్నలకు మాత్రం నడక లాభించలేదు, కొంచెం నష్టమే. కాబట్టి దుర్గం చెరువు గట్టున తిరుగుతూ కొత్త ఫీచర్ గురించి ఆలోచించవచ్చు. జీఎస్టీ లెక్క కూర్చునే సరిచూసుకోవాలి.

రెండోది నిద్ర. అమెరికా వేళలకు పనిచేసే ఈ కారిడార్‌లో ఇది చేదు సంగతే. జర్మనీలో ఉల్రిక్ వాగ్నర్, యాన్ బోర్న్ బృందం 2004లో కొందరికి ఒక అంకెల లెక్క నేర్పింది. అందులో దాగిన అడ్డదారి ఒకటుంది, అది చెప్పలేదు. ఎనిమిది గంటల తర్వాత మళ్లీ లెక్క చేయమన్నారు. మధ్యలో నిద్రపోయినవాళ్లలో 59 శాతం అడ్డదారిని పట్టేశారు. మేలుకుని ఉన్నవాళ్లలో 23 శాతమే. అంటే లూచిన్స్ కుండల దగ్గర ఇరుక్కున్న మనిషికి కావలసింది ఇంకో కాఫీ కాకపోవచ్చు. రాత్రి పదకొండింటి కాల్ తర్వాత ‘ఇది తేల్చాకే పడుకుంటా’ అనడం పట్టుదలలా కనిపిస్తుంది కానీ, తేలకపోవడానికి అదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

అంతరాయాల మాట కూడా చెప్పాలి. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మళ్లితే, ధ్యాసలో కొంత ముక్క పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపారు. లేచే ముందు ‘ఎక్కడ ఆపాను, వచ్చాక మొదట ఏం చేయాలి’ అని రెండు ముక్కలు రాసుకుంటే ఆ బరువు తగ్గుతుందని ఆమె, థెరెసా గ్లోంబ్ 2018లో తేల్చారు. దీనికి అర నిమిషం చాలు.

బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యాక, అన్నీ తెలిసినట్టుండే కంపెనీని అన్నీ నేర్చుకునే కంపెనీగా మార్చాలన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ ‘గ్రోత్ మైండ్‌సెట్’ (తెలివి సాధనతో పెరుగుతుందన్న) ఆలోచన నుంచి తీసుకున్నానని 2017లో తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాశారు. పోస్టర్లకు ఎక్కినంత మహిమ ఆ ఆలోచనకు లేదు. అమెరికాలో సుమారు 12 వేలమంది తొమ్మిదో తరగతి పిల్లల మీద జరిపి 2019లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, వెనుకబడిన పిల్లల గ్రేడు 0.1 పాయింటు మాత్రమే పెరిగింది. తెలివి పెరుగుతుందని నమ్మడం కాస్త సాయం చేస్తుంది. క్యాషే టీములో జూనియర్ నోరు విప్పగలిగేలా ఉండటం అంతకంటే ఎక్కువ సాయం చేస్తుందని ఈ వ్యాసకర్త అంచనా.

పైన చెప్పుకున్న పనులు అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుంది? ‘21 రోజులు’ అనే మాటను నమ్మనక్కర్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో చెప్పినది సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఇక్కడ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన ఉపాయం ప్రోగ్రామర్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. ‘బాగా ఆలోచిస్తాను’ అనుకుంటే గాలికిపోతుంది. ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని, ఇఫ్-దెన్ రాసినట్టు రాసుకుంటే నిలబడుతుంది. 94 పరీక్షల్ని కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో దీని ప్రభావం చెప్పుకోదగ్గదిగా తేలింది. ‘బగ్‌కు మొదటి కారణం తట్టగానే, రెండో కారణం రాసేదాకా కోడ్ ముట్టుకోను’ అన్నది అలాంటి వాక్యమే.

రిలీజు ముందురోజు సాయంత్రం ఇవేవీ గుర్తుండవు. కాబట్టి గుర్తుపెట్టుకునే పని మనిషి మీద వదలకపోవడం మేలు. గూగుల్‌లో ఇంజినీర్లు కొత్త సిస్టమ్ కట్టే ముందు రాసే డిజైన్ డాక్యుమెంట్‌లో, ‘పరిశీలించి వదిలేసిన ఇతర మార్గాలు’ అని ఒక భాగం ఉంటుంది. వదిలేసిన దారి ఒక్కటైనా రాయాలంటే ముందు దాన్ని వెతకాలి కదా. చిన్న టీముకు అంత డాక్యుమెంట్ అక్కర్లేదు. కోడ్ మార్పును సమీక్షకు పంపే పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లో రెండు గళ్లు చేర్చుకోవచ్చు: ఆలోచించిన ఇంకో దారి ఏది, ఈ మార్పులో ఏం తీసేయగలిగాం. రెండూ ఖాళీగా వస్తే రివ్యూ చేసేవాళ్లు వెనక్కి పంపొచ్చు.